ఖాజామియా కాలూ, మూడు గళ్ల కార్డూ

మట్టి తీసి మనిషిని చేసి, ఆ మట్టిలోనే మనసునూ ఆత్మనూ కలిపిన దేవునికి ముందుగా స్తోత్రం. ఆయన మూడింటినీ ఒకే ముద్దగా చేశాడు. వాటిని మూడు గళ్లుగా విడదీసి, గడికి పది మార్కుల చొప్పున కేటాయించింది మాత్రం మా సంస్థ. అందులో నా వంతు పాపం కూడా ఉంది కనుక, స్తోత్రం తర్వాత నేరుగా సంగతిలోకి వస్తాను.

1991 జూన్‌లో నన్ను నకిరేకల్ క్లినిక్‌కు బదిలీ చేశారు. హోదా పారామెడికల్ వర్కర్. నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో కుష్టువ్యాధి నియంత్రణ పని చేసే ఒక స్వచ్ఛంద సంస్థ మాది. పేరు రాయను, రాసినందువల్ల ఎవరి పుండూ మానదు. మా కొలువులో మెట్లు మూడు. కింది మెట్టు నాలాంటి వర్కరు: ఊళ్లు తిరిగి మచ్చలు చూడాలి, మందులు మింగించాలి, పుండ్లకు కట్లు కట్టాలి. దాని పైన సూపర్‌వైజరు: మేము నిజంగా తిరిగామో లేదో చూడాలి. ఆ పైన డాక్టరు: ఆయన్ను మేము చూడాలి, ఎప్పుడైనా వస్తే.

ఈ రోగం గురించి తెలియని వాళ్లకు ఒక్క ముక్క చెప్పాలి. మందులతో రోగం నయమవుతుంది, కానీ అప్పటికే చచ్చిన నరం మళ్లీ బతకదు. పాదానికి స్పర్శ పోతుంది. ముల్లు దిగినా, నిప్పు అంటుకున్నా తెలియదు. కాబట్టి ఈ రోగిని కాలు ఎట్లా ఉందని అడగడం దండగ. బాగుందనే అంటాడు. అతడు అబద్ధమాడడు, అతడి కాలే అతడికి అబద్ధం చెబుతుంది. అందుకే మా పద్ధతి వేరుగా ఉండేది. నెలకోసారి క్లినిక్ రోజున రోగి ఎత్తు బల్ల మీద కూర్చునేవాడు. నేను కింద పీట మీద కూర్చుని, అతడి పాదాన్ని నా మోకాలి మీద పెట్టుకునేవాడిని. కళ్లు మూసుకోమని చెప్పి, బాల్‌పెన్ను మొనతో అరికాలి మీద పది చోట్ల తాకితే, ఎక్కడ తాకానో అతడు వేలితో చూపాలి. తర్వాత బేసిన్ నీళ్లలో పాదం నానబెట్టడం, గరుకు రాయితో కాయగట్టిన తోలు గీకడం, తడి మీదనే నూనె రాయడం. బేసిన్ తెచ్చేది, నీళ్లు మార్చేది మా ఆయా జంగమ్మ. చదువు లేదు. పుండు వాసన మాత్రం గుమ్మం అవతలి నుంచే పట్టేసేది.

ఆదివారాలు కేతేపల్లి సంఘంలో వాక్యం చెప్పేవాడిని. ప్రభువు నడుముకు తువాలు కట్టుకుని శిష్యుల కాళ్లు కడిగిన ఘట్టం నాకు ప్రత్యేకం. ఏటా ఈస్టరు ముందు గురువారం దాన్ని చెబుతుంటే ముసలమ్మలు కొంగుతో కళ్లు తుడుచుకునేవారు. బాగా చెబుతాడని నాకు పేరు. ఆ పేరే నా కళ్లకు అడ్డం పడిందని ఇప్పుడనిపిస్తుంది.

1993 మేలో మమ్మల్నందరినీ మూడు రోజుల శిక్షణకు జడ్చర్ల పిలిచారు. శిక్షకుడు ప్రసన్నకుమార్ గారు. తెల్ల బూట్లు, చేతిలో మైకు. బొంబాయిలో ఏదో నేర్చుకుని వచ్చాడట. తనను తాను జీవన మార్గదర్శి అని పరిచయం చేసుకున్నాడు. ఎవరి జీవనానికి అని మా సూపర్‌వైజరు గొణిగితే, పక్కనున్నాయన, మన జీవనానికే, భోజనం బాగుంది, ఊరుకో అన్నాడు.

రోగి అంటే రోగం ఒక్కటే కాదు, మనసూ శరీరం ఆత్మా కలిసిన సంపూర్ణ వ్యక్తి అని ఆయన మొదలుపెట్టాడు. ఆ మాట నిజమే. నిజమైన మాటతో మొదలుపెట్టడం ఆయన వృత్తి రహస్యమని తర్వాత తెలిసింది. రెండో రోజుకు మా పీట మీదికి వచ్చాడు. రోగి పైన, మీరు కింద కూర్చుని పాదం పట్టుకోవడం ఇద్దరి ఆత్మగౌరవానికీ భంగమన్నాడు. ఇకనుంచి రెండు సమానమైన కుర్చీలు, మధ్యలో బల్ల, కళ్లలో కళ్లు పెట్టి మాట్లాడాలి. మూడో రోజు కార్డు పంచాడు. మనసు, శరీరం, ఆత్మ: మూడు గళ్లు. రోగిని అడిగి, మార్కులు వేసి, అతడికి చూపించాలి. మరి పుండ్లు ఎప్పుడు చూడాలె సార్ అని సూపర్‌వైజరు అడిగాడు. శరీరం గడిలో అదీ వచ్చేస్తుంది, అడగండి, రోగిని నమ్మండి అన్నాడాయన.

పదేళ్లు ఈ పనిలో ఉన్నవాడిని, లేచి అభ్యంతరం చెప్పాల్సింది నేను. చెప్పలేదు. ఎందుకంటే కార్డులో ఆత్మకు ఒక గడి ఉంది. ఆదివారం ఉచితంగా చేస్తున్న పనికి ఇకనుంచి సోమవారం జీతం కూడా ఇస్తారని లోపల పొంగిపోయాను. ఇంతకాలానికి సంస్థకు దేవుడు గుర్తొచ్చాడని స్తోత్రం కూడా చేశాను.

నకిరేకల్‌కు రెండు కుర్చీలు, ఒక బల్ల వచ్చాయి. పీట మూలకు పోయింది. దాని మీద జంగమ్మ నీళ్ల కుండ పెట్టుకుంది. "కాళ్లు సూసుడు బందువెట్టినమా సార్?" అని అడిగింది. ఇప్పుడు మనిషిని మొత్తంగా చూస్తున్నామని చెప్పాను. "మొత్తంల కాళ్లు రావా?" అంది. చదువు లేని వాళ్లతో ఇదే చిక్కని అప్పుడు అనుకున్నాను.

ఖాజామియా బస్టాండు దగ్గర దర్జీ. మనిషికి మందుల కోర్సు పూర్తయింది, కుడిపాదం మాత్రం మొద్దుబారిపోయింది. ఆ పాదంతోనే మిషను తొక్కేవాడు. పాదం కాపాడుకోవడానికి అతడు నెలనెలా మా దగ్గరికి వచ్చేవాడు. జూన్‌లో అతణ్ని ఎదురుగా కుర్చీలో కూర్చోబెట్టి మనసు ఎట్లుందని అడిగాను. "మనసుకేమైంది సార్, పెండ్లిళ్ల సీజను, గిరాకి బాగుంది" అన్నాడు. ఎనిమిది వేశాను. కాలు? "అల్లా దయ, బాగుంది." ఎనిమిది. ఆత్మ దగ్గర నా కలం ఆగింది. ఐదు పూటలా నమాజు చేసే మనిషి. కానీ మా సంఘం పెద్దల కంట ఈ కార్డు పడితే? ఆరు వేశాను. జులైలో, మా సంఘంలో ఐదు పూటలు కాదు గదా వారానికి ఒక్కపూట కూడా రాని వాళ్లు గుర్తొచ్చి, తొమ్మిది చేశాను. మిగిలిన ఒక్క మార్కూ దేవుని తరఫున నా దగ్గరే ఉంచుకున్నాను. కార్డు చూపిస్తే ఖాజామియా మర్యాదగా తల ఊపాడు.

ఆగస్టులో వాన పడుతున్న రోజు వచ్చాడు. చెప్పులు గుమ్మం బయట విడిచి, వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. నేను మనసు ముగించి శరీరానికి ఎనిమిది వేస్తున్నాను. గుమ్మం దగ్గర గచ్చు తుడవబోయిన జంగమ్మ ఆగిపోయింది.

"సార్, జర ఇటు సూడున్రి."

గుమ్మం నుంచి కుర్చీ దాకా తడి అడుగులు. ఎడమవన్నీ నీళ్లవే. కుడి అడుగు ప్రతిదీ ఎర్రగా ఉంది.

జంగమ్మ మూలకు పోయింది. కుండ దింపి, పీట తెచ్చి నా ముందు దభీమని పడేసింది. కూర్చున్నాను. మూడు నెలల తర్వాత ఒక పాదం నా మోకాలి మీదికి వచ్చింది. బొటనవేలి మొదట్లో రూపాయి బిళ్లంత గుంట. మిషను కింద కాలు పెట్టే పలక విరిగితే ఖాజామియా దాన్ని తీగతో కట్టాడట. తీగ కొన రోజూ అరికాలిలోకి దిగుతూ వచ్చింది. లోతు తెలుసుకునే సలాకను కడిగి గుంటలో పెడితే టక్కుమని ఎముకకు తగిలింది. అతడు నవ్వుతూనే ఉన్నాడు.

"ఏమైంది సార్, గింతసేపు సూస్తున్రు?"

ఎన్నాళ్లయిందని అడిగాను.

"నాకేమెరుక సార్? సూసేటోళ్లు మీరు గద. రెండు నెల్ల సంది మీరు నా మొఖమే సూడవడితిరి." వంగి తన పాదాన్ని తనే చూసుకున్నాడు. నవ్వు పోయింది. మెల్లగా అన్నాడు: "నా రూహుకు, గదే మీ ఆత్మ గడిల, తొమ్మిది ఏసిన్రు. గా తక్కువైన ఒక్కటి కాలుదా సార్?"

పుండు కడిగి కట్టు కట్టాను. ఆ సాయంత్రమే పెద్ద దవాఖానకు చీటీ రాసి, నేనే తీసుకెళ్లాను. ఎముకకు చీము పట్టింది, మందులకు లొంగకపోతే చీలమండ దాకా తీసేయాల్సి వస్తుందని అక్కడి డాక్టరు చెప్పాడు. ఖాజామియా నా చెయ్యి పట్టుకుని, "ఇంట్ల ఐదుగురం గీ కాలు మీదనే తింటున్నం సార్" అన్నాడు. అంతకుమించి నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

సెప్టెంబరులో మహబూబ్‌నగర్‌లో రెండు జిల్లాల సమీక్షా సమావేశం జరిగింది. గళ్లన్నీ ఖాళీ లేకుండా నింపినందుకు నా కార్డులు మొదటి స్థానంలో నిలిచాయి. నన్ను వేదిక మీదికి పిలిచి, మచ్చుకు ఒక కార్డును తెర మీద పెద్దది చేసి చూపించారు. జులై నెల ఖాజామియా కార్డు. ముప్ఫైకి ఇరవై ఐదు, ఇదే సంపూర్ణ వ్యక్తి అన్నాడు ప్రసన్నకుమార్ గారు.

ఆ సంపూర్ణ వ్యక్తి ఇప్పుడు దవాఖాన వార్డులో ఉన్నాడనీ, అతడి కాలు ఎంతవరకు ఉంచాలో డాక్టర్లు ఆలోచిస్తున్నారనీ, ఆ మార్కులు వేసిన రోజున నేను అతడి పాదం చూడలేదనీ మైకులోనే చెప్పాను. ప్రసన్నకుమార్ గారు కళ్లు మూసుకుని, తను నేర్పిన పద్ధతిలోనే దీర్ఘంగా శ్వాస తీసుకుని వదిలాడు. తర్వాత చాలా దయగా, మీ మనసులో అపరాధ భావం ఉంది, మీకు మీరే ఒక కార్డు నింపుకుంటే తేలికపడుతుంది అన్నాడు. మా అధికారి మరింత ఆచరణాత్మకంగా, శరీరం గడిలో మార్కు సవరించి మళ్లీ పంపమన్నాడు. సర్టిఫికెట్ మాత్రం ఇచ్చేశారు, అప్పటికే నా పేరు రాసేశారు మరి. అది ఇంకా నా దగ్గరుంది. ప్లాస్టిక్ తొడుగు వేశారు కనుక చెదలు పట్టలేదు.

మరుసటి క్లినిక్ రోజున ఎవరి ఉత్తరువూ లేకుండా కుర్చీల మధ్యనున్న బల్లను వరండాలోకి నెట్టి, పీట మీద కూర్చున్నాను. సూపర్‌వైజరు వచ్చి చూసి, తాను చూడలేదని చెప్పి వెళ్లిపోయాడు. ఆయన ఉద్యోగ జీవితంలో చేసిన అత్యుత్తమ తనిఖీ అది.

దేవుని కృప వల్ల ఖాజామియా పాదం నిలిచింది. బొటనవేలు, దాని వెనక కొంత ఎముక పోయాయి. సిమెంటు కట్టుతో నెలలు గడిపి, ఎడమకాలితో మిషను తొక్కడం కొత్తగా నేర్చుకున్నాడు. మొదట్లో కుట్లు వంకరపోయేవని అతడే చెప్పాడు. మళ్లీ క్లినిక్‌కు వచ్చిన రోజున చంకలో ఒక దిండు తెచ్చాడు. లాగుల గుడ్డ ముక్కలు అతికి కుట్టింది, సరిగ్గా నా పీట కొలత. కొలత ఎప్పుడు తీసుకున్నావయ్యా అంటే, "మీరు నా కాలు పట్టుకున్నప్పుడు నేను మీ పీట సూడలేదా సార్? మొఖం సూసి పైజామ కుడుతరా ఎవరన్న?" అన్నాడు.

మనసు, శరీరం, ఆత్మ మూడింటినీ కలిపే చూడాలని నేను ఇప్పటికీ నమ్ముతాను. ఈ ఉదంతం నాకు నేర్పింది, ఆ చూపు ఎక్కణ్నుంచి మొదలుకావాలన్నదే. నొప్పి తెలియని మనిషిని అడిగి తెలుసుకోలేం, దిగి చూడాలి. ఇంకొకరి ఆత్మకు మార్కులు వేసే ఉద్యోగం ఏ మనిషికీ ఖాళీ లేదు.

చదువుతున్న వారు నాతో కలిసి ఒక ప్రార్థన చేయండి. బతికున్నంతకాలం మిషను తొక్కిన ఖాజామియా కోసం, పీట మరిచిపోనివ్వని జంగమ్మ కోసం, ఇప్పుడెక్కడో ఎదురుగా కుర్చీ వేసుకుని మార్కులు వేస్తున్న నాలాంటి వాళ్ల కోసం. మోకాళ్ల మీదనే చేయండి. అక్కణ్నుంచి ఎదుటివాళ్ల పాదాలు బాగా కనిపిస్తాయి. ఆమేన్.