మా బోరు ప్లాన్‌లో లేదన్నారు

బ్రూస్‌పేటలో మా ఇంటి వెనక గోడకు ఆనుకునే పెట్రోల్ బంకు. అక్కడ భూమిలో పూడ్చిన డీజిల్ ట్యాంకు కారుతోందని మాకు బంకువాళ్లు చెప్పలేదు. ఒక మధ్యాహ్నం మా అత్త మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని, "ఏందే, కిరసనాయిలు వాసన వస్తాండాది?" అంది. అలా తెలిసింది. కంచం కడిగింది మా బోరు నీళ్లతోనే.

కొళాయి నీళ్లు రోజూ రాని మా వీధికి ఆ బోరే దిక్కు. వీధంతా కలిసి ఫిర్యాదుల మీద ఫిర్యాదులు పెడితే, కాలుష్యం సంగతి చూసే ఆఫీసు కదిలింది. బంకు యజమాని కారే ట్యాంకు మార్చి, తన ఖర్చుతో భూమిలోని నీళ్లు బాగుచేయించాలని, ఆ పని తాము తనిఖీ చేస్తామని ఆర్డరు ఇచ్చింది. ఇక ఫరవాలేదు అనుకున్నాను.

ఒక ఇంజనీరు వచ్చి బంకు ఆవరణలో సన్నటి గొట్టాలు దింపించాడు. అత్త ఊరుకోలేదు. గోడ ఇవతల స్టూలెక్కి నిలబడి అడిగింది.

"ఏం జేస్తాండారప్పా?"

"బ్యాక్టీరియాతో క్లీన్ చేస్తామమ్మా. అవి డీజిల్‌ని తినేస్తాయి."

"ఉండే కంపు చాల్లేదని పురుగులు గూడా వదుల్తాండారా మా నీళ్లల్లోకి?"

అతను నవ్వి, మా వసారాలోకి వచ్చి కూర్చుని ఓపికగా చెప్పాడు. ఆ సూక్ష్మజీవులు మట్టిలో ముందునుంచే ఉన్నాయట. లోపల గాలి చాలక మందకొడిగా పడున్నాయట. గొట్టాల్లోంచి గాలి, కాస్త ఎరువు పంపితే పెరిగి, డీజిల్‌ను తిని అరిగించుకుంటాయట.

"అంటే పాలు తోడుపెట్టినట్ల. వెచ్చగుంటేనే తోడుకుంటాది" అంది అత్త.

"అంతేనమ్మా. గాలి ఆగిందంటే పని ఆగినట్టే."

గొట్టాల్లోకి గాలి కొట్టే కంప్రెసరు పగలంతా దడదడలాడేది. మా ఆయన తోరణగల్లు స్టీలు ఫ్యాక్టరీలో నైట్ షిఫ్టు చేసొచ్చి, ఆ చప్పుడుకు నిద్ర పట్టక సతమతమయ్యేవాడు. అయినా ఓర్చుకున్నాం. కొన్నాళ్లకు ఇంజనీరు రావడం మానేశాడు. తర్వాత చప్పుడూ ఆగిపోయింది. మొదట హాయిగా అనిపించింది. కాసేపటికి, గాలి ఆగితే పని ఆగినట్టేనన్న ఇంజనీరు మాట గుర్తొచ్చింది. వెళ్లి బంకు మేనేజరును అడిగాను.

"కరెంట్ ప్రాబ్లం, మేడం."

అతని నెత్తిమీద ఫ్యాను గిర్రున తిరుగుతోంది! అలా మొహం మీదే అబద్ధమాడాడు. ఆ తర్వాత గమనిస్తే, తనిఖీ అధికారి వచ్చే రోజు మాత్రమే ఆ మిషను మోగేది.

ఆఫీసుకు వెళ్లి అధికారికి చెప్పాను. రిపోర్టులు బాగానే ఉన్నాయన్నాడు. శాంపిల్ ఎక్కడ తీశారని అడిగితే బంకులోని గొట్టాల్లో అన్నాడు. మా బోరులో తీయండి సార్ అన్నాను.

"నిమ్మ బోరు ప్లానల్లి ఇల్లమ్మా" అన్నాడు కన్నడంలో, తలెత్తకుండానే.

మా బోరు ప్లాన్‌లో లేదట! పాడైంది మా నీళ్లు. వాసనకు వాంతులు చేసుకున్నది మా పిల్లలు. నీళ్లు బాగుచేసే ప్లాన్ గీసినవాళ్లకు మాత్రం గోడ ఇవతల మనుషులున్నట్టే తెలియదు. ఒళ్లు మండిపోయింది. ఎండలో ఇల్లు చేరేదాకా నాలో నేనే తిట్టుకుంటూ నడిచాను.

తర్వాతి తనిఖీకి ముందు గట్టి వాన పడింది. బంకు వెనక ఎర్రమట్టి బురదలో అధికారి కాళ్లు పిక్కలదాకా దిగబడ్డాయి. దగ్గర్లో ఉన్నది మా ఇల్లే కాబట్టి గేటు దగ్గరికొచ్చి, కాళ్లు కడుక్కోవడానికి నీళ్లడిగాడు. నేను ముందుగా ఏమీ అనుకోలేదు. బోరు కొట్టి బకెట్ నింపి పెట్టాను. అతను చెంబుతో పోసుకున్నాడు. కాళ్లమీద రంగురంగుల జిడ్డు మెరిసింది. చెయ్యి ముక్కుదగ్గర పెట్టుకుని చూశాడు.

"ఇది యావ నీరమ్మా?"

"మీ ప్లాన్‌లో లేని నీళ్లు, సార్."

లోపల్నుంచి అత్త వచ్చింది. "నీ కాళ్లకు అంటుకుంటే గాని తెలీలేదా నాయనా? మేం పక్క వీధి నుంచి బిందెలు మోసుకొస్తాండాం. ఆ గాలి మిషను నువ్వొచ్చిన నాడే తిరుగుతాది, నువ్వు పోతానే ఆగిపోతాది. యాడ తనిఖీ జేస్తాండావప్పా నువ్వు?"

అతను సీసా తెప్పించి, మా ఎదుటే మా బోరు నీళ్లు పట్టి సీలు వేయించాడు.

మా నీళ్లలో డీజిల్ ఉందని ఫలితం వచ్చాక, ఎంతసేపు తిరిగిందో తెలిసేలా కంప్రెసరుకు వేరే మీటరు పెట్టించారు. ఇంజనీరు మళ్లీ వచ్చాడు. మా బోరు ప్లాన్‌లోకి ఎక్కింది. రెండు వానాకాలాలు గడిచాక వాసన పోయింది. వాడకానికి పనికొస్తాయి, తాగొద్దు అని ఆఫీసు వాళ్లు ఫోన్లో చెప్పారు. బంకువాడు మాత్రం పర్యావరణ మిత్రులమని పెద్ద ఫ్లెక్సీ కట్టించి, మేనేజరుతో మాకు స్వీటు పెట్టె పంపాడు. క్షమించమన్న మాట ఒక్కటీ లేదు. అత్త ఆ పెట్టెను తిప్పి పంపేసింది.

మొన్న మా వెనక వీధామె తన బోరు నీళ్లు సీసాలో పట్టుకొచ్చింది. మూత తీస్తే అదే కంపు. ఆమె అప్పటికే ఆఫీసుకు వెళ్లొచ్చిందట. ఏమన్నారని అడిగాను.

"ప్లాన్‌లో లేదంటాండారక్కా" అంది.

చెప్పులు వేసుకుని ఆమెతో బయల్దేరాను.