గట్టి నేలేనని నడిచి చూపించాను

నడుము లోతు బురదలో నిలబడి గ్రీన్‌హౌస్ వాయువుల గురించి ఉపన్యాసం ఇచ్చినవాళ్ళని మీరెప్పుడైనా చూశారా? మొన్న నేను ఇచ్చాను. వినడానికి ఊరంతా వచ్చింది. వద్దన్నా కదల్లేదు. నేనూ కదల్లేదనుకోండి, అది వేరే కారణం.

టీ చల్లారేలోగా చెప్పేస్తాను, వినండి.

నేను అరకులో ఉంటూ నేలా నీళ్ళూ అంటూ కొండల్లో తిరుగుతుంటానని మీకు తెలుసు. పని ఏమిటో మా అమ్మకే సరిగ్గా తెలీదు. సీతంపేట చర్చిలో ఎవరైనా అడిగితే "మా గుంట బురద ఆఫీసులో సేత్తంది" అని చెప్తుంది. గుంట అంటే మా వైపు ఆడపిల్ల. మరీ తప్పేం కాదు.

అరకుకి పైన కొండల మధ్య ఓ చిన్న ఊరుంది. ఊరి పక్క పల్లంలో ఊబి నేల. తరతరాలుగా గడ్డీ ఆకులూ నీళ్ళలో పడి, కుళ్ళీ కుళ్ళకుండా పొర మీద పొర పేరుకుని, నల్లగా స్పంజిలా తయారైన మట్టి. ఇంగ్లీషులో పీట్ అంటారు. మొదట్లో ఆఫీసులో "పీట్ భూమి" అన్నాను. మా అకౌంటెంట్ సీరియస్‌గా "పీఠభూమి అంటే దక్కను కదండీ, అరకులోకి ఎప్పుడొచ్చింది?" అని అడిగాడు. అప్పట్నుంచి ఊబి అనే అంటున్నాను.

ఆ మట్టి తడిగా ఉన్నంతకాలం తనలోని కార్బన్‌ని పట్టుకుని కదలకుండా కూర్చుంటుంది. ఎండబెట్టామా, గాలి తగిలి కుళ్ళిపోతుంది. ఎన్నో తరాలుగా దాచుకున్న కార్బన్ అంతా గాలిలో కలుస్తుంది. ఈ ఊరివాళ్ళు ఒకప్పుడు అల్లం వేద్దామని ఊబి మధ్యలోంచి కాలవ తవ్వి, నీళ్ళన్నీ కింద గెడ్డలోకి, అంటే వాగులోకి, వదిలేశారు. అల్లం మొదట్లో బాగానే వచ్చింది. తర్వాత నేల కుంగింది, వేసవి రాగానే గెడ్డ ఎండిపోవడం మొదలైంది. మేం వెళ్ళి, ఊరివాళ్ళతోనే ఆ కాలవకి వెదుళ్ళూ మట్టీ పెట్టి అక్కడక్కడ అడ్డకట్టలు వేయించాం. నీళ్ళు మళ్ళీ నిలవాలని.

మొన్న దాన్ని చూడ్డానికి విశాఖపట్నం నుంచి ఓ డాక్టర్ గారొచ్చారు. మందుల డాక్టర్ కాదు, మట్టి డాక్టర్. తెల్ల బూట్లేసుకొచ్చారు పాపం. ఆయన సరేనంటేనే మా పని ముందుకు సాగుతుంది. ఊరివాళ్ళు కూడా ఆ రోజే తేల్చుకుంటామన్నారు. కట్టలు ఉంచాలా, పగలగొట్టి మళ్ళీ అల్లం వెయ్యాలా అని. నా ఉద్యోగమూ ఊబి బతుకూ ఒక్క మీటింగ్ మీద ఆధారపడి ఉన్నాయి.

ఊబి గట్టు మీదే కూర్చున్నాం. బుద్రయ్య అని, ఊళ్ళో ఎక్కువ గేదెలున్న ఆయన, లేచి నిలబడ్డాడు.

"కట్టలు బాగానే ఉన్నాయి గానీ మేడం, మా గేదెలు అటు మేతకి పోతాయి. దిగబడిపోతే ఎవులు లాగుతారు? నువ్వొత్తావేటి?"

చుట్టూ తలలూపారు. డాక్టర్ గారు నావైపు చూశారు. ఏదో ఒకటి గట్టిగా చెప్పాలి.

"దిగబడవు బుద్రయ్య గారూ. పైన గడ్డి ఎంత దట్టంగా ఉందో చూడండి. పోయినేడు నేను ఇక్కడ అటూ ఇటూ నడిచినదాన్నే. గేదెల సంగతి తర్వాత, ముందు నేనే నడిచి చూపిస్తాను."

పోయినేడు నేను నడిచింది ఎండిన నేల మీద. ఆ నేలని తడపడానికే ఏడాదంతా కష్టపడ్డది. ఈ మధ్యంతా అవతలి గట్టు నుంచి వేసిన చెక్కబల్లల మీదే తిరుగుతున్నాను గనక కాలికి తేడా తెలియలేదు. ఇంత చిన్న ముక్క ఆ క్షణంలో తట్టలేదు.

ఊబి మధ్యలో మా పెట్టె ఒకటి బోర్లించి ఉంది. నేలలోంచి వచ్చే వాయువుల్ని అది కొలుస్తుంది. లెక్కలు డాక్టర్ గారి చేతిలోని ట్యాబ్‌లో పడుతుంటాయి. ఆ పెట్టె దాకా వెళ్ళొస్తానని బయల్దేరాను.

మొదటి అడుగులు బ్రహ్మాండం. పరుపు మీద నడిచినట్టు నేల మెత్తగా ఊగుతోంది. పెట్టె దగ్గరకొచ్చి వెనక్కి తిరిగి "చూశారా" అన్నాను. ఆ మాట పూర్తయ్యేసరికి కుడికాలు మోకాలి దాకా లోపలికి పోయింది. దాన్ని లాగుదామని ఎడమకాలి మీద బరువేశాను. అదీ పోయింది. చూస్తుండగానే నడుం దాకా దిగిపోయాను.

ఇప్పుడు నవ్వుతూ చెప్తున్నాను గానీ, అప్పుడు చేతికందిన గడ్డినల్లా పట్టుకున్నాను. కింద కాలికి ఏమీ తగల్లేదు. చల్లగా, మెత్తగా, అడుగనేదే లేనట్టు ఉంది. చర్చిలో నేర్చుకున్న ప్రార్థనలన్నీ వరసగా గుర్తొచ్చాయి. ఒక్కటీ పూర్తిగా రాలేదు.

అంతలో నా చుట్టూ బుడగలు మొదలయ్యాయి. నా బరువుకి అడుగున నొక్కుకున్న గాలి బుడబుడమంటూ పైకొచ్చింది. దాంతోపాటు కుళ్ళిన గుడ్ల వాసన. గట్టు మీద ఆడవాళ్ళు ఒక్కొక్కరే కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకున్నారు.

ఆ ఊరికి పెద్ద దిక్కు సింగారమ్మ మామ్మ. ఆవిడ ముందుకొచ్చి మెల్లగా అడిగింది.

"పొద్దున్న ఏటి తిన్నావు మేడం?"

"అది నేను కాదు మామ్మా, నేల."

"అందరూ అలాగే అంతారమ్మా."

ఊరు ఊరంతా పగలబడి నవ్వింది. డాక్టర్ గారు మాత్రం నవ్వలేదు. ట్యాబ్‌లోంచి తల ఎత్తకుండా అన్నారు. "సుగుణ గారూ, మీథేన్ భలే పెరుగుతోందండీ. మీరు ఇంకొంచెం కదలగలరా?"

మునిగిపోతున్న మనిషిని అడగవలసిన మాటేనా చెప్పండి.

బుద్రయ్య వాళ్ళ తమ్ముణ్ణి మంచం తెమ్మని ఊళ్ళోకి పంపి, తను గట్టు మీద గొంతుక్కూర్చున్నాడు. మంచం వచ్చేదాకా ఊరుకోవచ్చు కదా.

"ఆ మీథేనంటే ఏటి మేడం? మంచిదా, సెడ్డదా?"

"మంచిది కాదు. భూమిని వేడెక్కిస్తుంది."

"మరి నీళ్ళు కడితే ఇదొత్తది, తీసెత్తే ఇంకోటొత్తదంతావు. ఏటి లాభం?"

ప్రశ్న బాగుంది. అడిగిన సమయమే బాలేదు. అయినా బురదలోంచే చెప్పాను. ఎండితే ఎన్నో తరాల మట్టి మొత్తం తగలబడినట్టే కరిగిపోతుందనీ, తడిగా ఉంటే ఈ కాసిని బుడగలే వస్తాయనీ, మొత్తం మీద చూసుకుంటే తడే మేలనీ. డాక్టర్ గారు గట్టు మీంచి "కరెక్ట్, కరెక్ట్" అన్నారు.

సరిగ్గా అప్పుడే సింగారమ్మ మామ్మ చుట్ట వెలిగించింది. మీథేన్ అంటుకుంటుందని నాకు తెలుసు. చుట్టూ బుడగలు, మధ్యలో నేను.

"మామ్మా, ఆ చుట్ట ఆర్పెయ్యండి, దణ్ణం పెడతాను."

ఆవిడ నింపాదిగా చుట్టని అడ్డపొగ పెట్టుకుంది, అంటే నిప్పున్న కొస నోట్లోకి పెట్టి మూసేసింది. ఓ పక్కనుంచి మాత్రం మాట్లాడింది. "నిప్పు నా నోట్లో ఉంది. నీ కాడ లేదు. భయపడకు."

మంచం వచ్చింది. దాన్ని గడ్డి మీద బోర్లించి నా దాకా తోశారు. బుద్రయ్య దాని మీద బోర్లా పడుకుని నా చంకల కింద చేతులు వేశాడు. గట్టు మీంచి మిగతావాళ్ళు మంచాన్ని తాడుతో లాగారు. పెద్ద చప్పుడుతో ఊబి నన్ను వదిలేసింది. ఒక బూటు మాత్రం ఉంచేసుకుంది. మొసలిలా పొట్ట మీద పాక్కుంటూ గట్టెక్కాను.

గెడ్డలో ఒళ్ళు కడుక్కుని, మామ్మ ఇచ్చిన చీర కట్టుకుని వచ్చేసరికి మీటింగ్ అయిపోయింది. నేను లేకుండానే తేల్చేశారు.

"నీళ్ళు నిలిసాయని మేడం దిగి సూపించింది గదా," అంది మామ్మ. "ఈ యేసవిలో గెడ్డా ఎండలేదు. కట్టలుండనీండి. సుట్టూరా కంచె ఎయ్యండి. అంతే."

డాక్టర్ గారు కూడా సరేనన్నారు. ఇంత నమ్మకంగా నేల తడిని నిరూపించినవాళ్ళని తన సర్వీసులో చూడలేదన్నారు. మెచ్చుకున్నారో వెక్కిరించారో ఇప్పటికీ తెలీదు.

కంచె పని మొదలైంది. ఇంకా ఒక పక్క మిగిలి ఉంది. ఊబిలో ఆ చోటుకి మా రికార్డుల్లో ఏదో నంబరుంది. ఊళ్ళో మాత్రం మొదట "మేడం దిగిన చోటు" అన్నారు. తర్వాత "మేడం ఊబి" అన్నారు. పలకడానికి అదీ పొడుగైందేమో, ఇప్పుడు ఉత్తి "మేడం" అయింది.

ఇవాళ పొద్దున్న చర్చికి వెళ్తుంటే బుద్రయ్య ఫోన్ చేశాడు. స్పీకర్‌లో పెట్టాను. పక్కన మా అమ్మ ఉంది, పాస్టర్ గారు ఉన్నారు.

"మేడం, బేగి రా. మా గేదె మేడంలో దిగబడిపోనాది."