ట్రెలోర్ షెడ్డుకు తాళం

లాన్సెస్టన్ ఊళ్లో మా పక్కింటి కెల్విన్ ట్రెలోర్ ఏళ్ల తరబడి లిఫ్టులు బాగుచేసి రిటైరయ్యాడు. పాటలంటే ప్రాణం. కానీ అతని పెద్ద నల్ల స్పీకర్లను భార్య గ్లెనిస్ ఏనాడో హాల్లోంచి గెంటేసింది. “శవపేటికల మధ్య కూచుని టీ తాగలేను” అంది. కెల్విన్ ఎదురు చెప్పలేదు. ఎదురు చెప్పని మొగుణ్ణి అసలు నమ్మకూడదని గ్లెనిస్ నమ్మకం.

ఆ శీతాకాలం కెల్విన్ పెరటి షెడ్డుకు తాళం వేశాడు. తర్వాత సోఫా మీది దిండు గలీబు ఒకటి మాయమైంది. ఒకనాడు గ్లెనిస్ టీవీ చూస్తుంటే, ఆమె చెవి నేలకు ఎంత ఎత్తులో ఉందో టేపు పెట్టి కొలిచాడు.

“ఏంటది?”

“ఊరికే.”

“ఊరికే పెళ్లాన్ని కొలుస్తారా ఎవరైనా?”

మర్నాడే నా దగ్గరికొచ్చింది. “ఒసే వెర్నా, మంగళవారం వస్తే గడ్డం గీసుకుని, సబ్బుతో చేతులు అరిగేలా తోముకుని పోతున్నాడే. హార్డ్‌వేర్ షాపుకట. అక్కడికి అంత సోకు చేసుకుని పోయే మగాణ్ణి చూశావా నువ్వు?”

చూడలేదన్నాను. మంగళవారం నా కారులో అతని వెనకే వెళ్లాం. ఊరికి ఇంకో పక్కనున్న ఇన్వర్మే పేటలో ఓ చిన్న ఇంటి ముందు ఆగాడు. పొడవాటి ఆవిడ తలుపు తీసి, చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లింది. నేను ఆపేలోగా గ్లెనిస్ దిగిపోయింది. తలుపు కూడా తట్టలేదు.

లోపల మగ్గం ఉంది. దాని పక్కన మా గ్లెనిస్ దిండు గలీబు. మగ్గం మీద అదే పాచిరంగు గుడ్డ.

“ఎన్నాళ్లుగా సాగుతోందిది?” అంది గ్లెనిస్.

ఆవిడ పేరు థిర్జా. “ఇంకా సగమే అయిందమ్మా. మీ దిండు రంగు కుదరడం కష్టమైంది. ఈయన చేతులకు గ్రీజుంటే నూలు ముట్టనివ్వను, అందుకే ముందు చేతులు పట్టుకు చూస్తాను.”

ఇంటికొచ్చాక కెల్విన్ షెడ్డు తెరిచాడు. నడుమెత్తు స్పీకర్లు రెండు, సోఫాలో కూచున్న గ్లెనిస్ చెవి ఎత్తుకు సరిగ్గా, సన్నగా, అంచులు గుండ్రంగా. పేరుకే నల్లదైన బ్లాక్‌వుడ్ చెక్క తేనెలా మెరుస్తోంది. థిర్జా నేసే గుడ్డ వాటి ముఖానికి. గ్లెనిస్ ఒకదాన్ని నిమిరింది. నిమిరే చెయ్యి ఆగిపోయింది.

“ఈ చెక్క షెడ్డులో దాచిన మా అమ్మ బీరువాది.”

“వెనకంతా పురుగు తినేసింది, గ్లెన్. తలుపులే మిగిలాయి.”

“నన్నడగొద్దా?”

“అడిగితే వద్దంటావు.”

“అంటాను. అది నా ఇష్టం.”

చాలా రోజులు తన ఒక్కదానికే వండుకుంది. “ఇంకో ఆడదున్నా బాగుండేదే, తిట్టడానికి తేలిక” అంది నాతో.

వసంతంలో గుడ్డ పూర్తయింది. థిర్జా స్వయంగా తెచ్చిచ్చింది. గ్లెనిస్ ఆమెకు టీ ఇచ్చి, కథంతా రెండుసార్లు చెప్పించుకుని, ఎక్కడా తేడా రాలేదని తేల్చుకున్నాక, స్పీకర్లను హాల్లోకి తెమ్మంది. కెల్విన్ వాటిని చలిమంట గూటికి అటూ ఇటూ నిలబెట్టి ఓ పాట పెట్టాడు. ఆమె చేతులు కట్టుకుని వింది.

“పాడే పిల్ల ఊపిరి పీల్చడం వినిపిస్తోంది. పాతవాటిలో వినిపించలేదేం?”

“నువ్వు విననిస్తేగా.”

గ్లెనిస్ నవ్వబోయి ఆగింది. “బీరువా అద్దం ఏమైంది?”

“షెడ్డులోనే, దుప్పటి చుట్టి పెట్టాను.”

ఉందో లేదో తనే వెళ్లి చూసొచ్చింది. అప్పుడు కూర్చుని, రెండో పాట పెట్టమంది.