ఆగని బండి

నా చిన్నప్పుడు మా కారు దారిలో ఆగిపోయిన రోజంటూ లేదు. ఆగిపోయిన బండ్ల కథలు అందరూ చెప్పుకుంటారు. ఆగని బండి సంగతి ఎవరికీ గుర్తుండదు. అందుకే ఇది రాసి పెడుతున్నాను.

పర్చూరు పక్క పల్లెటూరు మాది. తొంభైల చివర మా ఊళ్లో బాడుగకు తిరిగే కారు నాన్నదొక్కటే. ఆ ఏడు మిరప కోతలప్పుడు పక్కింటి అక్కకి నెలలు నిండాయి. కాన్పు కష్టమవుతుందని, నొప్పులు రాగానే గుంటూరు తీసుకురమ్మని డాక్టరమ్మ చెప్పారు. తీసుకెళ్లే పూచీ నాన్నది.

సరిగ్గా అప్పుడే చీరాల మెకానిక్ ఇంజను లోపలి టైమింగ్ బెల్టు మార్చాలన్నాడు. అది రబ్బరు బెల్టు, దాని వయసు అయిపోయిందట. నాన్న చేతిలో ఉన్న డబ్బేమో కొత్త సీటు కవర్లకి, టేప్ రికార్డరుకి దాచుకున్నది.

"బండి గుర్రంలా పోతుంటే గుండె కోస్తానంటాడేంటే వీడు!" అని ఇంటికొచ్చి నాతో చెప్పి నవ్వాడు.

అప్పటికి నేను ఊరి లైబ్రరీలో కథల బీరువా ముగించి, ఎవరూ ముట్టని సైన్సు బీరువాలో పడ్డాను. అందులో మోటారు బండ్ల పుస్తకం ఒకటి దొరికింది. ఆ బెల్టు చాలాసార్లు ముందుగా ఏ చప్పుడూ లేకుండానే తెగుతుందని, తెగితే ఇంజను ఉన్నచోటే ఆగిపోతుందని రాసుంది. నాన్నకి గట్టిగా చదివి వినిపించాను.

"ఓయబ్బో, ఇంజనీరమ్మా! ఆ రాసినాయన మన బండి చూశాడా?"

అక్కడే కూర్చుని వింటున్న నాయనమ్మకి చదువు రాదు. "ఇంకోసారి చదవవే," అంది. విని, పైకి లేచింది. "ఒరేయ్ అబ్బాయ్, కళ్లానికి రా."

వాన బెదురుకి ముందురోజు కుప్ప చేసి పట్టా కప్పిన మిరపకాయలున్నాయక్కడ. పట్టా తీసింది. ఎర్రగా నిగనిగలాడుతున్నాయి.

"ఎట్టున్నయ్ రా?"

"బ్రహ్మాండంగా ఉన్నయ్."

"లోపల చెయ్యి పెట్టు."

నాన్న మోచేతి దాకా పెట్టి చటుక్కున లాగేశాడు. పూర్తిగా ఆరని కాయలు లోపల వేడెక్కిపోయాయి. ఇంకో పూట అలాగే ఉంటే రంగు పోయి, ధర పలకని తాలుకాయలయ్యేవి. మిరపకుప్పని పైపైన చూసి ఎవరూ నమ్మరు. అది నాన్నకీ తెలుసు.

"నీ బండీ పైకి ఎర్రగానే ఉందిలే," అంది నాయనమ్మ.

ముగ్గురం కలిసి కాయలు పరిచాం. మర్నాడు నాన్న బండిని షెడ్డుకి తీసుకెళ్లాడు. పాత బెల్టు తెచ్చి నా చేతిలో పెట్టాడు. వెనక్కి వంచితే నిండా పగుళ్లు, ఒక అంచున దారాలు లేచి ఉన్నాయి. "చూసుకో, ఇంజనీరమ్మా," అన్నాడు. ఈసారి ఎగతాళి లేదు.

ఆ వారంలోనే ఒక తెల్లవారుజామున అక్కని తీసుకుని బండి బయలుదేరింది. మేం రోజంతా రోడ్డు చూస్తూ కూర్చున్నాం. సాయంత్రానికి నాన్న దుమ్ము కొట్టుకుని వచ్చాడు. "ఆడపిల్ల. ఇద్దరూ బాగున్నారు."

నాయనమ్మ కారు బానెట్ మీద చెయ్యి వేసింది. "వేడిగా ఉందేంరా?"

"గుంటూరు పోయొచ్చిందమ్మా, ఉండదా మరి!"

ఎన్నాళ్లకో అందరం అంతలా నవ్వాం. సీటు కవర్లు ఆ ఏడాది రానేలేదు.

ఇప్పటికీ అంతా బాగుందని ఎవరైనా అంటే నాకు సంతోషమే. ఒక్కసారి లోపల చెయ్యి పెట్టి చూశాక నిశ్చింతగా నిద్రపోతాను. సైన్సు బీరువా తాళం తీసిచ్చిన లైబ్రేరియన్ శేషయ్య గారికి, ముందే హెచ్చరించిన మెకానిక్ కోటేశ్వరరావుకి, రెండోసారి చదివించుకున్న నాయనమ్మ రత్తమ్మకి, మోచేతి దాకా చెయ్యి పెట్టి చూసిన మా నాన్న వెంకటేశ్వర్లుకి నా దండాలు.