కొలోన్‌లో మా ఊరి మామిడి పండుం

ఆ రోజుల్లో నాకు తెలియనిదంటూ ఉండేది కాదు. ఇంట్లో తెలుగు, సంతలో హల్బీ, గోండీ, ఆఫీసుల్లో హిందీ, పొలం గట్ల మీద దోర్లీ మాట్లాడేవాణ్ని కాబట్టి ప్రపంచంలో ఎక్కడ దింపినా బతికేస్తానని గట్టి నమ్మకం. అందుకే రాయపూర్ సేఠ్ ఒకాయన, పనామా దేశంలో సముద్రం ఒడ్డున కొలోన్ అనే ఊళ్లో తన బావమరిదికి హోల్‌సేల్ బట్టల కొట్టుందనీ, కుర్రాడు కావాలనీ అంటే, ఆ దేశం ఎటువైపుందో అడక్కుండానే ఊఁ అన్నాను. (ఎటువైపుందో విమానంలో కూర్చున్నాక కూడా తెలియలేదు. ఎంతసేపటికీ రాదే.) తీరా దిగి చూస్తే అదే ఉక్కపోత, అవే అరటిచెట్లు, గోడల మీద అవే బల్లులు. ఇంత డబ్బు పోసి మా ఊరు మద్దేడ్ నుంచి మళ్లీ మద్దేడ్‌కే వచ్చానా అనిపించింది. సముద్రం ఒక్కటే అదనం.

కొట్టుకు దగ్గర్లో ఒక పాత చెక్క మేడలో గది దొరికింది. ఇంటావిడను అందరూ దోన్యా అనేవారు. మనం పెద్దమ్మగారూ అన్నట్టు అక్కడ అదొక మర్యాద. భారీ మనిషి, భారీ గొంతు. నాకు జ్వరమొస్తే కొబ్బరిపాలు పోసి వండిన అన్నం తెచ్చి, తినేదాకా కుర్చీలోంచి లేచేది కాదు. పెరట్లో ఆవిడ భర్త నాటిన మామిడిచెట్టు ఉండేది. ఆయన పోయాడు, చెట్టు మిగిలింది. ఎండలు ముదిరేసరికి అది విరగకాసింది. ఒక పొద్దున నా గుమ్మం ముందు పళ్లెంలో కోసిన పండు ప్రత్యక్షమైంది.

చిక్కంతా అక్కడే వచ్చింది. మా ఊళ్లో మామిడి పండుం అయ్యేదాకా కొత్త మామిడి ఎవరూ ముట్టరు. అది దోర్లా ఆదివాసుల పండుగే అయినా, వాళ్ల పక్కనే దున్నుకు బతికే మేమూ పాటిస్తాం. పూజారి కాయ కోయించి, టెంక ముదిరిందో లేదో చూసి, దేవతకు పెట్టి, ఇక తినండి అనేదాకా ఇంట్లో పచ్చడి కూడా ఉండదు. నేను చదువుకున్నవాణ్ని, ఇలాంటివి నమ్మను. అయినా ఎందుకైనా మంచిదని అమ్మకు ఫోన్ చేశాను.

"ముట్టకు," అంది అమ్మ.

"ఇది వేరే దేశం కాయనే."

"దేశం వేరైతే ఏంది? తినే నోరు ఈ ఊరిదే గదా."

"తింటే పులి పడుతదంటరు. ఈడ పులులు లేవమ్మా."

"సముద్రమున్నదంటివి గదా. అది చాలదా?"

నేను నమ్మలేదు గానీ, ఆ పొద్దున కొట్టుకు పోతుంటే సముద్రం రోజూ కంటే కాస్త పెద్దగా కనిపించింది. దాంతో పళ్లెంలోని పండును రోజూ ఎదురింటి చిలక్కి పెట్టడం మొదలుపెట్టాను. చిలక ఒళ్లు చేసింది. అంతటితో ఊరుకుంటే బాగుండేది, నన్ను చూడగానే వీధంతా వినపడేలా అరవడం నేర్చుకుంది. ఆ అరుపు విని వాకిట్లోకొచ్చిన దోన్యాకు, పంజరం ముందు పండుముక్కతో నేను దొరికాను. ఆవిడ అరిచి ఉంటే తట్టుకునేవాణ్ని. మెల్లగా మాట్లాడింది.

"అది నా మొగుడు నాటిన చెట్టు. దాని పండు తినని మనిషికి దాని నీడ ఎందుకు? ఆదివారానికి గది ఖాళీ చెయ్."

కొట్టులో చెబితే సేఠ్ బావమరిది, "గోదాం హై నా భాయ్, బట్టల మూటల మీద పడుకో" అని ఓదార్చాడు. ఆ గోదాములో కిటికీ లేదు. నిజం చెప్పాలంటే గోదాము కంటే, దోన్యా మొహం తిప్పుకుని పోవడమే నన్ను ఎక్కువ బాధపెట్టింది. ఆ దేశంలో నన్ను తిన్నావా అని అడిగే మనిషి ఆవిడ ఒక్కతే. ఇక లాభం లేదని శనివారం వంటింటి గుమ్మంలో నిలబడి, నాకొచ్చిన కాస్త స్పానిష్‌నూ కూడగట్టుకుని చెప్పాను: నాకు ఇష్టం లేక కాదు, ఇంకా పర్మిషన్ రాలేదు.

"ఎవరి పర్మిషన్?"

"మా ఊరిది."

ఆవిడ చేతిలోని గరిటె కింద పెట్టింది. "అయితే మీ ఊరికి ఫోన్ కలుపు," అంది.

అదృష్టం బాగుండి వీడియో కాల్‌కు సరిపడా సిగ్నల్ దొరికింది. అమ్మ పూజారిని పిలిపించింది. ఆయన చెట్టు చూపించమన్నాడు, చూపించాను. కాయ కోసి టెంక చూపించమన్నాడు, దోన్యా కోసి చూపించింది. "చెట్టు మంచిగనే ఉన్నది. మన కాడ ఇంకా ముదరలే. ఊరు తినకముందు ఊరి పిల్లగాడు తినొద్దు, ఆగాలె," అని తేల్చేశాడు. పరదేశంలో ఉన్నాను కాబట్టి సడలింపు ఇస్తాడనుకున్న నా ఆశ అడుగంటింది. తర్జుమా చేసి చెప్పాను. దోన్యా నవ్వలేదు. ఈస్టరు ముందు తానూ శుక్రవారాలు మాంసం ముట్టదట. "ఆగడమంటే నాకు తెలుసు. నువ్వొక్కడివే ఎందుకు ఆగాలి? అందరం ఆగుదాం," అంది.

గది నిలిచింది గానీ నా బతుకు కుక్కలు చింపిన విస్తరైంది. పళ్లు రాలి పెరడంతా కందిరీగలు. దోన్యా మనవలూ మనవరాళ్లూ నన్ను చూసే చూపు చెప్పనక్కర్లేదు. చిలక సంగతి అసలే వద్దు. ఒక తెల్లవారుజామున (మా ఊరికి అది సాయంత్రం) అమ్మ ఫోన్ చేసి, "అయింది రా, తినుర్రి," అంది. నేను మేడ మీంచి కేక పెట్టగానే ఇల్లంతా పెరట్లోకి దూకింది. దోన్యా మాత్రం ముందు ఒక ముక్క చెట్టు మొదట్లో పెట్టి, రెండోది నా నోట్లో పెట్టింది. అది అచ్చం మా పొలం గట్టు మీది చెట్టు కాయలాగే పీచుది, పులుపుది. ఊరు గుర్తొచ్చి ముక్క మింగకుండా ఆగిపోయాను. పీచు అడ్డం పడిందనుకుని దోన్యా వీపు మీద ఒక్కటి చరిచింది. ఆ దెబ్బకు దుఃఖమూ ముక్కా రెండూ లోపలికి పోయాయి.

ఇప్పుడు తిరిగొచ్చి, మా వైపు బచేలి టౌన్‌లో సొంతంగా బట్టల కొట్టు పెట్టుకున్నాను. ఇక్కడికి ఎక్కడెక్కడి మామిడో లారీల్లో ముందే దిగుతుంది, ఎవరూ ఎవరినీ అడగరు. మొన్న ఎండకు తాళలేక బండి దగ్గర మామిడి జ్యూస్ తాగుతుంటే ఫోన్ మోగింది. దోన్యా ఏటా పంపినట్టే పెరట్లో చెట్టు ఫొటో పంపి, కింద ఒక్కటే ప్రశ్న రాసింది: మీ ఊరు తిన్నదా?

అమ్మకు ఫోన్ చేశాను. "ఇంకా లే రా," అంది. అదే రాసి పంపాను. సరే ఆగుతాం, అని జవాబొచ్చింది.

గ్లాసు కింద పెట్టేశాను. "క్యా భయ్యా, మీఠా నహీ హై?" అన్నాడు బండివాడు. తియ్యగానే ఉంది అని చెప్పి, సగం జ్యూసు అక్కడే వదిలేసి కొట్టుకు నడిచాను.