ఎద్దు మెడకు కట్టిన తువ్వాల

పోలీసంటే దొంగల వెంట పరుగెత్తేవాడనే అందరికీ తెలుసు. నోరులేని ఎద్దు తరఫున కూడా మేము కేసులు రాశాం. అందులో ఒకటి నేను తప్పుగా రాశాను. ఆ సంగతి నేను చెప్పకపోతే ఇంకెవరూ చెప్పరు కాబట్టి రాసిపెడుతున్నాను.

1972 ఎండాకాలం. గోదావరిఖనిలో నేను హెడ్ కానిస్టేబుల్‌ని. బడిలో చదివింది ఏడో తరగతి వరకే, మిగతా చదువంతా లైబ్రరీ బెంచీ మీద సాగింది. జంతుహింస చట్టం కూడా అక్కడే చదివాను. దాని కింద మేము రాసేది పెట్టీ కేసు. అరెస్టు ఉండదు. పేరు, నేరం రాసి చీటీ చేతికిస్తే, చెప్పిన రోజున మేజిస్ట్రేటు ముందు హాజరు కావాలి.

ఒక మధ్యాహ్నం ఇటుక బట్టీకి బొగ్గు తోలుతున్న ఎడ్లబండిని ఆపాను. ఎడమ ఎద్దు మెడకు తువ్వాల ముక్క చుట్టి ఉంది. విప్పితే కాడి ఒరుసుకుని అరచేయంత పచ్చిపుండు. పుండు దాచి తోలుతున్నాడని బండివాడు ఓదేలు పేర చీటీ రాశాను. అతను గొడవపడలేదు.

"రాయి సారూ. బొగ్గుబాయి పనోళ్లకు ఆదివారమన్న ఉన్నది, దీనికి అదీ లేదు" అన్నాడు.

కేసుకు సర్టిఫికెట్ కావాలని మర్నాడు ఎద్దును పశువుల దవాఖానకు తెప్పించాను. డాక్టరు గోపాలరావు గారు పుండు చూసి, ఎవరో రోజూ పసుపు, వేపనూనె పెడుతున్నారన్నారు. అప్పుడు చూశాను, ఓదేలు భుజం మీద ఉన్నది సగం తువ్వాలే. మిగతా సగం ఈగలు వాలకుండా ఎద్దుకు కట్టాడు. బండీ ఎడ్లూ బట్టీ యజమానివట.

"నిన్న ఎందుకు చెప్పలేదు ఓదేలన్నా?"

"నువ్వు అడిగినవా సారూ? రాసుకుంటనే పోతివి."

ఆ సాయంత్రం లైబ్రరీకి వెళ్లి మళ్లీ చట్టం తీశాను. జాగ్రత్త తీసుకోని యజమానిదీ నేరమేనని అందులోనే ఉంది. నేను మొదటి పేరా దగ్గరే ఆగిపోయాను. ఈసారి యజమాని పేర చీటీ రాశాను. ఆయన నవ్వాడు.

"ఎద్దు వచ్చి సాక్ష్యం చెప్తదా జమేదార్?"

ఓదేలు చెప్పాడు. కాడి మార్చమని మూడుసార్లు అడిగానని కోర్టులో నిలబడి అన్నాడు. మేజిస్ట్రేటు అతని మీది కేసు కొట్టేసి, యజమానికి జరిమానా వేసి, పుండు మానేదాకా ఎద్దును దవాఖానలోనే ఉంచమన్నారు. ఆ రోజే ఓదేలు పని పోయింది.

కానీ ఎద్దు తిరిగొచ్చాక ఆ జోడీ కొత్తవాడి మాట వినలేదు. బండి నాలుగడుగులు కదిలితే ఒట్టు. వారం తిరక్కుండా యజమానే ఓదేలుకు కబురు పంపాడు. కొత్త కాడి చేయించాకే వస్తానన్నాడు ఓదేలు. చేయించారు.

అప్పటినుంచి చీటీ మీద పేరు రాసేముందు కాడి ఎవరిదని అడగడం అలవాటు చేసుకున్నాను.

ఉచితంగా పుండుకు వైద్యం చేసిన డాక్టరు గోపాలరావు గారికి, ఆ సాయంత్రం నా కోసం తాళం వేయకుండా కూర్చున్న లైబ్రేరియన్ శంకరయ్య గారికి కృతజ్ఞతలు. ఓదేలన్నకు కృతజ్ఞతలతోపాటు, ఆ మొదటి చీటీకి క్షమాపణ.