బీడీ దయ్యం అడిగిన కోరిక

మొన్న కరీంనగర్ బస్టాండులో పక్కన కూర్చున్న ఒకామె మూటలోంచి బీడీలు చుట్టడానికి తడిపిన తునికాకు వాసన వచ్చింది. ఆ చేదు వాసన తగలగానే నాకు పోసక్క కళ్ళు గుర్తుకొచ్చాయి. నెలల తరబడి నిద్రలేని కళ్ళు.

పోసక్క మా పక్కింటి కోడలు. బీడీలు చేసేది. పొద్దున కూర్చుంటే దీపాలు పెట్టేదాకా చాట ఒళ్ళోంచి దిగేది కాదు. ఎనభైల్లో, నేను కాలేజీలో చదువుతూ దయ్యాలు లేవని ఊరూరా ఉపన్యాసాలిస్తున్న రోజుల్లో, ఆమెకు నిద్ర కరువైంది. చాటలోని బీడీలు లేచి తనతో మాట్లాడుతున్నాయని చెప్పి నవ్వేది. "ఇయ్యాల ఒక బీడీ అలిగింది చెల్లె. దారం బిగుతైందట, ఊపిరాడుతలేదట."

దయ్యం పట్టిందని ఆమె అత్త తేల్చేసింది. ఆదివారానికి మంత్రగాడిని పిలిచారు. అతని పద్ధతి ఊరంతటికీ తెలుసు. ముందు దయ్యాన్ని ఏం కావాలో అడుగుతాడు. ఇంటివాళ్ళు ఇస్తామంటే సరి, లేకుంటే వేపబరిగెతో కొడతాడు. అప్పటికీ దిగకపోతే గొలుసుతో కట్టేస్తాడు. ముందురోజు నేను వాళ్ళ అరుగు మీద గంటసేపు వాదించాను. ఇది మనసుకొచ్చిన జబ్బు, డాక్టరుకు చూపించాలన్నాను. అత్త వక్క నములుతూ, "నీ సదువుకు దయ్యం దిగుతదా బిడ్డా?" అంది. పోసక్క చేతులు ఆపకుండానే అంది: "ఆళ్ళు దయ్యమంటుండ్రు. నువ్వు జబ్బంటున్నవు. నాకేమైతుందో నన్నెవలన్న అడిగిండ్రా?"

ఎన్నో సభల్లో నెగ్గినదాన్ని. ఆ మాట వింటూనే అరుగు దిగి ఇంటికొచ్చేశాను.

ఆదివారం ఆమెను ముగ్గు మధ్య కూర్చోబెట్టి మంత్రగాడు బరిగె ఎత్తాడు. "ఎవలు నువ్వు? ఏం గావాలె?"

పోసక్క మెల్లగా ఊగింది. "నేను బీడీని. ఈమె చేతుల రోజూ వెయ్యి మందిమి పుడుతున్నం. ఈమె కన్నుమూసి పండుతలేదు, మమ్ముల పండనిస్తలేదు. కరీంనగర్ల డాక్టరుకు సూపియ్యాలె."

"దయ్యం డాక్టర్ను అడుగుడేంది?"

"నువ్వు మేకనడిగే దయ్యాలనే సూసినవు."

చూడవచ్చిన బీడీల ఆడవాళ్ళలో ఒకామె జుట్టు విరబోసుకుంది. తానూ బీడీనేనంది, ఆదివారాలు మొగుడే వండాలంది. ఇంకొకామెలోని బీడీకి నడుం నొప్పట, గోడకు ఆనుకొని కూర్చోనివ్వాలట. చూస్తుండగానే పదకొండు మంది ఊగుతున్నారు. వాళ్ళలో మా అవ్వ కూడా ఉంది. మంత్రగాడి చేతిలో ఒక్కటే బరిగె. అతను చెవి మీద పెట్టుకున్న బీడీని తీసి, మర్యాదగా నేల మీద పెట్టాడు.

అప్పుడు అత్త నా వైపు తిరిగింది. "దయ్యాల్లేవంటివి గద. ఇదంత నాటకమేనా? నువ్వే సెప్పు."

నేను ఔనంటే బరిగె పోసక్క వీపు మీద దిగుతుంది. అబద్ధం ఎక్కడ కనిపించినా చీల్చి చూపాలని నమ్మినదాన్ని.

"అడిగింది ఇయ్యిండ్రి పెద్దవ్వా," అన్నాను.

ఇచ్చారు. పోసక్క, ఆమె భర్తల వెంట నేనూ కరీంనగర్ వెళ్ళాను. డాక్టరు ఆమె భర్తను చూసి, "ఏమైంది ఈమెకు?" అన్నాడు. అతను గొంతు సవరించుకున్నాడు. పోసక్క స్టూలు ముందుకు జరుపుకుంది. "నన్నడుగుండ్రి సారు."

మందులు పనిచేయడానికి నెలలు పట్టాయి. ఆ రోజు నిజంగా పూనిందా, నటించిందా అని నేను ఎన్నడూ అడగలేదు. నన్ను కుదురుగా ఉండనివ్వనిది వేరే సంగతి. ఆ మోసపు తంతులో ఉన్న 'ఏం గావాలె' అన్న ఒక్క ప్రశ్న నా హేతువాదంలో లేకపోయింది.

దయ్యాలు లేవని నేటికీ అంతే గట్టిగా చెబుతాను. కాని దయ్యం పట్టిందన్న ఆడమనిషి ఇంటికి వెళితే, ముందు ఆమె పక్కన చాప మీద కూర్చుంటాను. ఏమవుతోందని అడుగుతాను. ఒక్కోసారి ఆమె నోరు విప్పేసరికి మధ్యాహ్నం దాటుతుంది. కూర్చునే ఉంటాను.